ఆషాఢంలో గ్రాఫిక్స్ కార్డు బేరం

నెల్లూరు,
జులై 2025

ఒరే మస్తానూ,

ఎట్టా ఉన్నావురా? ఒంగోలులో ఎండ తగ్గిందా? ఇక్కడ ఆషాఢం వచ్చినా మా మేడమీద గదిలో రోహిణి కార్తె ఇంకా కాపురం ఉంది. మొన్న ఫోన్లో "కొత్త కార్డు కొనమంటావా వద్దంటావా, ఒక్క ముక్కలో చెప్పు" అన్నావు. నేను నోరు తెరిచేలోపు మీ ఇంట్లో కుక్కర్ కూసింది, నువ్వు పెట్టేశావు. ఎటూ ఒక్క ముక్కలో తేలేది కాదు. ముహూర్తాలు లేవు, నా పెళ్లి వీడియోల పనీ లేదు కాబట్టి తీరిగ్గా రాస్తున్నా. పైగా అదే ప్రశ్న నన్ను కూడా మూడు నెలలుగా తినేస్తోంది.

రొట్టెల పండక్కి ఈసారి నువ్వు రాలేదు. స్వర్ణాల చెరువులో మోకాలి లోతు నీళ్లలో నిలబడి జనం అరుస్తూనే ఉన్నారు, ఉద్యోగం రొట్టె, పెళ్లి రొట్టె, ఆరోగ్యం రొట్టె అని. మీ చెల్లెలు సొంతింటి రొట్టె పట్టుకుంది. పక్కనే ఉన్న నేను నోరు ఊరుకోక "గ్రాఫిక్స్ కార్డు రొట్టె ఎవరన్నా ఇస్తున్నారా" అన్నా. ఆ చూపు నువ్వు చూడాల్సింది. ఇంటికొచ్చేదాకా మాట్లాడలేదు.

సరే, అసలు సంగతి. నా కంప్యూటర్లో వీడియోల పని చూసే గ్రాఫిక్స్ కార్డు ఎన్విడియా ఆర్‌టీఎక్స్ 3060, 12 జీబీ మెమరీది. 2021లో కొన్నా, గుర్తుందా? కంపెనీ ప్రకటించిన ధర 329 డాలర్లు. మైనింగ్ చేసేవాళ్లు, అంటే కంప్యూటర్లతో క్రిప్టో నాణేలు సంపాదించేవాళ్లు, కార్డులన్నీ ఎత్తుకుపోతున్న రోజులవి. నేను పెట్టింది 54 వేలు. అదీ ఊరికే ఇవ్వలేదు. "ఈ ఎస్ఎంపీఎస్ కూడా తీసుకుంటేనే కార్డు" అని షాపతను 650 వాట్లది ఒకటి, అదే కంప్యూటర్‌కి కరెంటు అందించే డబ్బా, అంటగట్టాడు. మరుసటి ఏడాది సెప్టెంబరులో ఇథీరియం అనే క్రిప్టో నాణెం మైనింగే ఎత్తేసింది, సెకండ్‌హ్యాండ్ కార్డులు కుప్పలుగా వచ్చిపడ్డాయి. అప్పట్నుంచి కొత్త కార్డు అనే మాట వినగానే ముందు నా చెయ్యి జేబు మీదికి పోతుంది.

మొన్న మే నెలలో ఆ 3060 ఫ్యాన్లు రొయ్యల చెరువులో ఏరేటర్ తిరిగినట్టు మోత మొదలుపెట్టాయి. టెంపరేచర్ 84 చూపిస్తోంది. దీని పని అయిపోయింది, కొత్తది కొనడానికి సాకు దొరికింది అని లోలోపల సంతోషపడ్డా కూడా. క్యాబినెట్ విప్పి చూస్తే ఏముంది, అడుగున రెండు బల్లి గుడ్లు, ఫ్యాన్ రెక్కల మీద నల్లటి జిడ్డు దుమ్ము. కార్డు మరలు తీసి హీట్‌సింక్ పైకెత్తితే, చిప్ వేడిని దానికి చేరవేసే థర్మల్ పేస్ట్ ఎండిపోయి సున్నంలా రాలింది. స్పిరిట్ పెట్టి తుడిచి, బఠాణీ గింజంత కొత్త పేస్ట్ పెట్టి బిగించా. 84 కాస్తా 71కి దిగింది. ఖర్చు 350 రూపాయలు. నువ్వు కూడా ఏ నిర్ణయం తీసుకోబోయే ముందు నీ క్యాబినెట్ ఒకసారి విప్పు. నీది విప్పి ఎన్నేళ్లయిందో నాకు తెలుసు.

అయినా నా ఇబ్బంది తీరలేదు. అది వేడి వల్ల వచ్చింది కాదు కాబట్టి. పోయినేడాది మా కెమెరాలు మార్చాం కదా, అవి 10 బిట్ 4:2:2 అనే పద్ధతిలో, రంగులు ఎక్కువ వివరంగా రికార్డు చేస్తాయి. నీకు అర్థమయ్యేట్టు చెప్తా. పక్కపక్కన నాలుగు చుక్కలు, కింద ఇంకో నాలుగు, మొత్తం ఎనిమిది అనుకో. వెలుగు ఎంతన్నది ఎనిమిదింటికీ విడివిడిగా రాసుకుంటుంది. రంగు మాత్రం మామూలు వీడియోలో, అంటే 4:2:0లో, ఆ ఎనిమిదింటికీ కలిపి రెండుచోట్లే రాస్తుంది. 4:2:2లో నాలుగుచోట్ల రాస్తుంది. పెళ్లికూతురి ఎర్ర పట్టుచీర మీద జరీ అంచు, పసుపు రాసిన పాదాలు, ఇవి కలర్ దిద్దేటప్పుడు పిగిలిపోకుండా నిలబడేది అందుకే.

కార్డులో వీడియోని విప్పే భాగం వేరే ఉంటుందిరా. గేములాడించే కోర్లు వేరు, అది వేరు. 3060లో ఆ భాగానికి 4:2:2 చదవడం రాదు. నా రైజెన్ ప్రాసెసర్‌లోనూ అలాంటి భాగం లేదు, కాబట్టి భారమంతా ప్రాసెసరే మొయ్యాలి. మూడు కెమెరాల క్లిప్పులు ఒకే టైమ్‌లైన్‌లో పెట్టి నొక్కానంటే తలంబ్రాలు గాల్లోనే ఆగిపోతాయి. పెళ్లికొడుకు చేతిలోంచి బియ్యం బయల్దేరి పెళ్లికూతురి తలమీదికి చేరడానికి నాకు టీ తాగొచ్చేంత టైమ్. ఆ సమయంలో టాస్క్ మేనేజర్ తెరిచి చూశా. ప్రాసెసర్ నూటికి నూరు, కార్డు పదో పన్నెండో శాతం. అంటే నా కార్డు బలహీనపడలేదు, దానికి భాష రాదంతే. ఈ ముక్క అర్థం కావడానికి నాకు ఆరు నెలలు పట్టింది.

ఇన్నాళ్లూ ప్రాక్సీలతో నెట్టుకొచ్చా. అసలు క్లిప్పులకి చిన్న సైజు నకళ్లు తీసి వాటితో ఎడిట్ చేసి, చివర్లో అసలువి పెట్టుకోవడం. డబ్బు ఖర్చు లేదు కానీ ఒక్కో పెళ్లికి ఒక రాత్రంతా పోతుంది. తెల్లారుజామున మూడింటికి కరెంటు పోయిందనుకో, యూపీఎస్ పావుగంట కేకలేసి చచ్చిపోతుంది, మళ్లీ మొదట్నుంచీ.

ఎన్విడియా ఈ ఏడాది తెచ్చిన 50 సిరీస్‌ కార్డుల్లో ఆ 4:2:2 విప్పే పని కార్డే చేస్తుంది. నన్ను కదిలించింది ఇదొక్కటే. వాళ్లు డప్పు కొట్టింది మాత్రం దీని గురించి కాదు. జనవరిలో లాస్ వేగస్‌లో ఆ కంపెనీ అధిపతి జెన్సన్ హువాంగ్ వేదికెక్కి 549 డాలర్ల కొత్త 5070 కార్డు, పాత సిరీస్‌లో 1,599 డాలర్ల 4090తో సమానమన్నాడు. అదెట్టాగంటే, కార్డు ఒక ఫ్రేము, అంటే తెరమీద కదిలే దృశ్యంలో ఒక్క బొమ్మ, తను వండుతుంది, మూడు ఫ్రేములు ఏఐతో ఊహించి మధ్యలో వడ్డిస్తుంది. గరిటెడు పెరుగులో మూడు గరిటెల నీళ్లు పోస్తే నలుగురికి మజ్జిగ వస్తుంది, కాదన్ను. పెరుగు మాత్రం గరిటెడే. మౌస్ కదిపితే తెలిసేది ఆ గరిటెడు పెరుగు వేగమే. నా ఎక్స్‌పోర్ట్‌కి ఆ ఊహా ఫ్రేములు ఎందుకూ పనికిరావు, పెళ్లి వీడియోలో లేని తలంబ్రాలు నేను పుట్టించలేను కదా.

మాగుంట లేఅవుట్‌లో మా సీనియర్ స్టూడియోలో ఆ 50 సిరీస్‌లోదే 5060 టీఐ, 16 జీబీది పెట్టారు. హార్డ్ డిస్కు చంకలో పెట్టుకుని వెళ్లా. అదే పెళ్లి, అవే మూడు కెమెరాలు. తలంబ్రాలు జలజలా రాలాయిరా! వెనక్కీ ముందుకీ లాగినా ఎక్కడా ఆగలేదు. ఎక్స్‌పోర్ట్, అంటే చివరి వీడియో ఫైలు తీయడం, చూస్తే మాత్రం నాకు 22 నిమిషాలు పట్టేది అక్కడ 17 పట్టింది, అంతే. నాలుగేళ్ల తేడాకి ఐదు నిమిషాలా అనిపించింది. మెమరీ వేగం సెకనుకి 360 జీబీ నుంచి 448కి పెరిగిందని కాగితం మీద రాసుంది, నిజమే. కానీ ఆ తేడా కోసం కొంటే నేను పిచ్చోణ్ణి.

ధర లెక్క వేశా. ఆ 16 జీబీదానికి కంపెనీ ధర 429 డాలర్లు, డాలరు 86 అనుకుంటే 37 వేలకి దగ్గర, 18 శాతం జీఎస్టీ కలిపితే 43 వేలు దాటుతుంది, ఆపైన షాపువాళ్ల వాటా. 8 జీబీది 50 డాలర్లు తక్కువ. దాని జోలికి మాత్రం నేను పోను, నువ్వూ పోవద్దు. ఎందుకంటే ఈ 5060 రకాలన్నిటికీ మదర్‌బోర్డుతో మాట్లాడే లేన్లు ఎనిమిదే. మన ఇద్దరి బోర్డుల్లోనూ ఆ లేన్లు పాత తరానివి, పీసీఐ 3.0వి. సొంత మెమరీ నిండి మెయిన్ ర్యామ్ వైపు పరిగెత్తాల్సి వచ్చినప్పుడు ఆ దారి మన బోర్డుల్లో మరీ ఇరుకు. 16 జీబీ ఉంటే ఆ పరుగు చాలావరకు తప్పుతుంది. 8 జీబీతో ఇప్పటి గేములకే మాటిమాటికీ అవసరం పడుతుంది. పోటీ కంపెనీ ఏఎండీ కార్డు 9060 ఎక్స్‌టీకి 16 లేన్లూ ఉన్నాయి, 16 జీబీది 349 డాలర్లే. ఉత్త గేములకైతే నేను అటే చూసేవాణ్ణి. కానీ నా ఎడిటింగ్ ప్లగిన్లన్నీ CUDAకి, అంటే ఎన్విడియా కార్డుల మీదే నడిచే సాఫ్ట్‌వేర్‌కి, అలవాటుపడ్డాయి.

మీ చెల్లెలికి ఇదంతా రాత్రి అన్నం దగ్గర చెప్పా. అంతా విని చేపల పులుసు గిన్నె నా వైపు జరిపి "ఇంటి డబ్బు ముట్టుకోవద్దు. శ్రావణం అడ్వాన్సులతో కొనుక్కో" అంది. నాలుగు పెళ్లిళ్లు ఒప్పుకున్నా కాబట్టి అడ్వాన్సులు సరిపోతాయి. కొంటున్నా.

ఇక నీ సంగతి. నువ్వు 5060 అంటున్నావు, 8 జీబీది, లెక్కేస్తే 30 వేలు పైనే. నీ మానిటర్ 1080పీ, 75 హెర్ట్జ్. నాలుగింతల ఫ్రేములని వాళ్లు ఊదరగొడుతున్నారే, 75 చూపించే మానిటర్ మీద నాలుగింతలంటే అసలు వండేది 19 ఫ్రేములే. 19తో ఆడి చూడు, మీ చిమకుర్తి క్వారీలో గ్రానైట్ లారీ ఎక్కినట్టుంటుంది. నీ ఇప్పటి కార్డు 1660 సూపర్‌కి 6 జీబీ ఉంది, అందులో డీఎల్‌ఎస్‌ఎస్, అంటే చిన్న బొమ్మని ఏఐతో పెద్దది చేసి గేము వేగం పెంచే ఎన్విడియా పద్ధతి, పనిచెయ్యదు. నా 3060లో 12 జీబీ ఉంది, డీఎల్‌ఎస్‌ఎస్ కూడా ఉంది, ఈ జనవరిలో వచ్చిన దాని కొత్త ఏఐ మోడల్ సహా. లేన్లు పదహారు. కాబట్టి నువ్వేమీ కొనొద్దు. నాది పట్టుకుపో. పన్నెండు వేలివ్వు, ఒకేసారి వద్దు, దసరాకి సగం, దీపావళికి సగం. పేస్ట్ కొత్తది, ఫ్యాన్లు శుభ్రం, బల్లి గుడ్లు లేవు.

ఒక్కటే చిక్కు. నీ ఎస్ఎంపీఎస్ 450 వాట్లదని గుర్తు. 3060కి 550 ఉండాలంటారు. అది మార్చకుండా పెట్టావంటే గేము మధ్యలో టపీమని ఆరిపోతుంది, అప్పుడు నన్ను తిడతావు. నాకు అంటగట్టినట్టు ఎవరో అంటగట్టేదాకా ఆగకుండా మంచిది చూసి కొను. సైడు తలుపు ఎటూ విప్పుతావుగా, ఎస్ఎంపీఎస్ మీద స్టిక్కర్ ఫోటో ఒకటి, లోపల దుమ్ము ఫోటో ఒకటి తీసి పంపు. కార్డు పట్టే చోట స్కేలు పెట్టి ఎన్ని సెంటీమీటర్లుందో కూడా చెప్పు. నా కార్డుకి మూడు ఫ్యాన్లు, నీది బుల్లి క్యాబినెట్.

మా చెల్లెల్ని, పిల్లల్ని అడిగానని చెప్పు. శ్రావణంలో రెండో పెళ్లి ఒంగోల్లోనే, కార్డు అప్పుడు తెస్తా.

నీ
పెంచలయ్య