తమ్ముడికి, పేకముక్కల పాఠం గురించి

ఎడిసన్, న్యూజెర్సీ

చిరంజీవి తమ్ముడికి అక్క దీవించి రాయునది.

ఇక్కడ మేమంతా క్షేమం. నాయన మోకాళ్ల నొప్పులకు మాత్రలు మధ్యలో మానేయకుండా నువ్వే చూసుకోవాలి, అమ్మ చెబితే వినరు.

ఇక నీ సంగతి. ఎనిమిదో తరగతికి సంభావ్యత చెప్పడానికి పేక కట్ట తెస్తానంటే పెద్దసారు ఒప్పుకోలేదని, ఇక నాణెంతో సరిపెట్టేస్తానని మొన్న ఫోన్లో అన్నావు. నీ గొంతులో ఉత్సాహం చచ్చిపోయినట్టు అనిపించింది. ఇది ఫోన్లో తెగే మాట కాదు. లెక్కలున్నాయి కాబట్టి కాగితం మీద ఉంటే నిదానంగా చూసుకుంటావని రాస్తున్నాను.

ముందు ఒక మాట. పెద్దసారు మీద కోపం పెట్టుకోవద్దు. మన జమ్మలమడుగు, ప్రొద్దుటూరు వైపు పేక అంటే పేకాటే. ఆ ఆటలో చేను పోగొట్టుకున్న ఇల్లు మన వీధిలోనే ఉంది. ఆ ఇంటి పెద్దామె ఆ తర్వాత కూలికి పోవడం నువ్వూ నేనూ చూశాం. "బళ్లో సారు పిల్లోళ్లకు పేక నేర్పిస్తున్నాడంట" అని వింటే ఏ తల్లికైనా గుండె గుభేలుమంటుంది. ఇక్కడ కూడా నా క్లాసులో కొందరి ఇళ్లలో మతాచారం వల్ల పేకముక్కలు ముట్టరు. అందుకే పాఠానికి ముందే ఇళ్లకు చీటీ పంపిస్తాను: ఆట ఉండదు, పందెం ఉండదు, ముక్కలు లెక్కించడానికి మాత్రమే అని. వద్దన్న పిల్లలకు అంకెలు, రంగులు రాసిన అట్టముక్కలు ఇస్తాను. లెక్క అదే కదా. ఇంతవరకు ఏ తల్లీ తండ్రీ గొడవ పడలేదు.

పెద్దసారుతో మాట్లాడేటప్పుడు పదో తరగతి పుస్తకం తీసి చూపించు. "బాగా కలిపిన 52 కార్డుల కట్ట నుంచి ఒక కార్డు తీస్తే" అనే రకం లెక్కలు అందులో ఉన్నాయి. పేక ఎన్నడూ చూడని ఇంటి పిల్ల, ముఖ్యంగా ఆడపిల్ల, అక్కడ ఏం చేస్తుంది? జాకీ ముఖ కార్డని, ఆసు కాదని ఆమెకు ఎవరు చెప్పాలి? లెక్క వచ్చి కూడా కట్ట తెలియక మార్కు పోగొట్టుకోవడం అన్యాయం. అరుగుల మీద ఆట చూసిన మగపిల్లాడికి ఉన్న సౌకర్యం ఆ పిల్లకు బడి కల్పించాలి. ఈ మాటకు ఆయన కాదనరని నా నమ్మకం.

ఇప్పుడు పాఠం. నాణెంతో సరిపెట్టొద్దని నేనెందుకు పట్టుబడుతున్నానంటే, నాణానికి రెండే పర్యవసానాలు, పాచికకు ఆరు. పిల్లలు సగం అంటారు, ఆరింట ఒకటి అంటారు, అక్కడితో ఆలోచన ఆగిపోతుంది. పేక అలా కాదు. ఒక్క ముక్క చేతిలోకి వస్తే దానికి రంగు ఉంది, జాతి ఉంది, అంకె ఉంది, బొమ్మ ఉందో లేదో ఉంది. ఒక ముక్క మీద నాలుగైదు ప్రశ్నలు వేయొచ్చు, ఒక ప్రశ్న జవాబు ఇంకో ప్రశ్నలోకి దూరుతుంది.

మొదటి రోజు సూత్రం బోర్డు మీద రాయొద్దు. జోకర్లు తీసేసి, మీ బడి నేల మీద 52 ముక్కలూ పరిపించు. నాపబండల నేల కదా, గళ్లు సిద్ధంగానే ఉన్నాయి. ఇస్పేటు ఒక వరుస, ఆటీను ఒక వరుస, డైమండు ఒకటి, కళావరు ఒకటి. అడ్డంగా నాలుగు వరుసలు, నిలువుగా ఆసు నుంచి రాజు దాకా పదమూడు. పిల్లల్ని చుట్టూ నిలబెట్టు. కళ్లు మూసుకుని ఒక ముక్క తీస్తే ఎర్రది వచ్చే అవకాశం ఎంత అంటే అందరూ సగం అంటారు. 26 ఎరుపు, 26 నలుపు. ఆటీను అంటే ఒక వరుస, 13/52, నాలుగింట ఒకటి. రాజు అని అడిగినప్పుడు చూడు, సగం మంది "నాలుగింట ఒకటి" అంటారు. రాజులు నలుగురు ఉన్నారు కాబట్టి నాలుగు అనే అంకె వాళ్ల తలలో కూర్చుంటుంది. ఇక్కడా ప్రతి ఏడూ ఇదే జవాబు వింటాను. తప్పని చెప్పకుండా, రాజులున్న నిలువు వరుసలో ఒక పిల్లను నిలబడమను. అలాంటి వరుసలు ఎన్నని అడుగు. పదమూడు. వాళ్లే 4/52 అంటే 1/13 అని దిద్దుకుంటారు. 

తర్వాత నాకు ఈ పాఠంలో ఎక్కువ ఇష్టమైన ప్రశ్న: రాజు గానీ, ఆటీను గానీ వచ్చే అవకాశం ఎంత? ఆటీన్లు 13, రాజులు 4, మొత్తం 17 అని అరుస్తారు. అప్పుడు ఆటీను వరుస చివరనుంచి చివరకు ఒక దారం పరిపించు, రాజుల వరుస మీద పైనుంచి కిందకు ఇంకో దారం. రెండు దారాలు ఒక ముక్క మీద కలుస్తాయి. ఆటీను రాజు. ఆ ముక్కను మనం రెండుసార్లు లెక్కేశాం. 17 కాదు, 16. అంటే 4/13. పై తరగతుల్లో కూడిక సూత్రం అని గంభీరంగా వచ్చేది ఇదే. దారాలు కలిసిన చోటు చూసిన పిల్ల దాన్ని బట్టీ పట్టాల్సిన పని లేదు. ఈ ఒక్కదానికి పూర్తి పీరియడ్ పోయినా పోనీ, సిలబస్ గురించి టెన్షన్ పడొద్దు.

రెండో రోజు తీయించడం, రాయించడం. క్లాసులో నలభై మంది ఉన్నారన్నావు. ఒక్కొక్కరూ ఒక ముక్క తీసి, ఏమిటో రాసుకుని, తిరిగి కట్టలో కలిపి, మళ్లీ తీయాలి. ఇలా తలా 13 సార్లు. గుంపుకు ఒక కట్ట ఉంటే ఒక పీరియడ్‌లో అయిపోతుంది. కలపడం మాత్రం జాగ్రత్త. మన పెద్దవాళ్లు చేతిలో పట్టుకుని కొన్ని కొన్ని ముక్కలు జార్చే పద్ధతిలో కట్ట సరిగా కలవదు. రెండు భాగాలు చేసి అంచులు ఒకదాంట్లో ఒకటి దూరేట్టు కలిపే పద్ధతిలో దాదాపు ఏడుసార్లు కలపాలని బేయర్, డయకోనిస్ అనే గణిత శాస్త్రజ్ఞులు 1992లో చూపించారు. చిన్న చేతులకు అది కుదరదు. ముక్కలు బోర్లా నేల మీద పోసి రెండు చేతులతో బాగా కలియబెట్టమను, చాలు.

తలా 13 సార్లు అనడానికి కారణం ఉంది. 13 సార్లు తీస్తే రాజు ఒకసారి రావాలి అని పిల్లలు గట్టిగా నమ్ముతారు. కానీ ఒక్క రాజూ రాకపోయే అవకాశం 12/13ను పదమూడుసార్లు గుణిస్తే వస్తుంది, నూటికి సుమారు 35. అంటే నలభై మందిలో పద్నాలుగు మంది దాకా "సార్, నాకు రాజే రాలేదు" అంటారు. కొందరికి మూడుసార్లు వచ్చి ఉంటుంది. ముక్కలు బాగాలేవని, పక్కవాడు మోసం చేశాడని గొడవ మొదలవుతుంది. గొడవ పడనీ. తర్వాత అందరివీ కలిపి బోర్డు మీద కూడు. మొత్తం 520 సార్లు తీశారు. రాజులు 40కి అటూ ఇటూ, చాలామటుకు 28 నుంచి 52 లోపల ఉంటాయి. ఆటీన్లు 130కి దగ్గర్లో, 110 నుంచి 150 లోపల. ఒక్కరి చేతిలో అంత చిందరవందరగా ఉన్నది నలభై మంది కలిస్తే ఎలా కుదురుకుందో వాళ్లు తమ గీతల్లోనే చూస్తారు. అనంతపురం వైపు రైతుకు ఒక ఏటి వాన సంగతి ముందుగా తెలియదు, ముప్పై ఏళ్ల సగటు తెలుసు, ఇదీ అటువంటిదే. 

ఇక అసలు విషయం. వరసగా నాలుగు ఎర్ర ముక్కలు వచ్చాయనుకో. అయిదోది నల్లది వచ్చే అవకాశం పెరిగిందా అని అడుగు. క్లాసు మొత్తం పెరిగిందంటుంది. ఇక్కడ రెండు దారులున్నాయి. తీసిన ముక్కను తిరిగి కట్టలో కలిపితే ఏమీ మారలేదు, సగమే. కలపకుండా పక్కన పెట్టేస్తే కట్టలో 48 మిగిలాయి, అందులో నల్లవి 26, కాబట్టి 13/24, సగం కంటే ఎక్కువ. నాణెంతో ఈ తేడా ఎంత చెప్పినా చూపించలేవు. నాణెం దేనినీ గుర్తుపెట్టుకోదు. పేక కట్ట రెండు విధాలుగా ఉండగలదు, తిరిగి కలిపితే మరిచిపోతుంది, కలపకపోతే గుర్తుంచుకుంటుంది. చురుకైన పిల్లలకు వరసగా రెండు ఎర్రవి వచ్చే అవకాశం రెండు విధాలా కట్టమను: కలిపితే 1/4, కలపకపోతే 26/52 ఇంటూ 25/51, అంటే 25/102, కొంచెం తక్కువ. 

తమ్ముడూ, మన ఊళ్లలో ఇళ్లు పోయింది ఈ తేడా తెలియకే. "ఇంతసేపు రాలేదు, ఇక రాక ఏం చేస్తుంది" అని ఆఖరి నోటు పెట్టేవాడు, ప్రతి ఆటకూ కట్టను మళ్లీ కలిపేస్తున్నారన్న సంగతి ఆలోచించడు. పిల్లలకు వద్దు గానీ నీకు చెప్తాను. లోపలా బయటా ఆటలో మధ్యన ఒక ముక్క తెరిచి, అదే అంకె ముక్క ఇంకోటి వచ్చేదాకా రెండు వైపులా ఒక్కొక్కటి వేస్తూ పోతారు కదా, మొదటి ముక్క ఏ వైపు పడుతుందో ఆ వైపుకు నూటికి 51.5 అవకాశం ఉంటుంది, లెక్క కడితే వస్తుంది. ఆడేవాళ్లు అటూ ఇటూ సమానమే అనుకుంటారు. ఆడించేవాడు అనుకోడు.

పిల్లలకు మట్కా లెక్క చెప్పు. ఆ పేరు వాళ్లు విననిది కాదు. ఒకే జాతిలో ఆసు నుంచి పది దాకా పది ముక్కలు తీసుకుని, ఒకటి తీయడం, తిరిగి కలపడం, అలా తీయిస్తూ 7 మీద ప్రతిసారీ రూపాయి పెట్టినట్టు కాగితం మీద మాత్రమే రాయించు. తగిలితే తొమ్మిది ఇస్తారనుకో. వందసార్లకు వంద రూపాయలు పెట్టాలి, తగిలేది పదిసార్లకు అటూ ఇటూ, తిరిగొచ్చేది తొంభై. రెండంకెల నంబరుకైతే వంద అవకాశాలు. రూపాయికి 80 ఇస్తారనుకుంటే నూటికి ఇరవై ఆడించేవాడి దగ్గరే ఉండిపోతుంది. ఒక్కరోజు గెలిచినవాడి పేరు ఊరంతా చెప్పుకుంటుంది, మిగిలిన వాళ్ల లెక్క ఎవరూ రాయరు. పిల్లల చేత ఆడించేవాడి చిట్టా రాయించు, ఆడేవాడిది కాదు. పాఠం ఇంటిదాకా పోతుంది.

తల్లిదండ్రుల మీటింగులో నలుడి కథ ఎత్తుకో. పుష్కరుడితో జూదమాడి రాజ్యం పోగొట్టుకున్నాడు, అందరికీ తెలుసు. తిరిగి ఎలా సంపాదించాడు? బాహుకుడై రథం తోలుతున్నప్పుడు ఋతుపర్ణుడు దారిలో తాండ్రచెట్టు చూసి దాని ఆకులు, కాయలు ఎన్నో చెప్పేశాడు. నలుడు రథం ఆపి లెక్కపెట్టి చూశాడు, సరిపోయింది. ఆ విద్యే అక్షహృదయం, దాన్ని నేర్చుకునే నలుడు రాజ్యం తిరిగి గెలుచుకున్నాడు. ఆ రాజు దగ్గర లెక్కా పాచికలూ ఒకే విద్యగా ఉన్నాయి. మన అవ్వ ఈ కథ చెప్పేటప్పుడు శనిదోషం దగ్గరే ఆగేది. నాకు మాత్రం ఆ చెట్టు దగ్గరే ఆగాలనిపిస్తుంది. ఫ్రాన్సులో పాస్కల్, ఫెర్మా అనే గణిత శాస్త్రజ్ఞులు జూదగాడి ప్రశ్న మీద ఉత్తరాలు రాసుకుని సంభావ్యతకు దారి వేసింది 1654లో. 

సి.ఆర్. రావు గారి పేరు కూడా చెప్పు. 1920లో హడగలిలో పుట్టారు. అప్పుడది బళ్లారి జిల్లా, మన దత్తమండలాల్లోదే. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి ప్రపంచం మొత్తం గుర్తించే గణాంక శాస్త్రవేత్త అయ్యారు. 2023లో అంతర్జాతీయ గణాంక శాస్త్ర బహుమతి వచ్చింది, ఆ ఏడాదే ఆగస్టులో 102 ఏళ్ల వయసులో పోయారు. మన వైపు పిల్లలకు ఆయన పేరు తెలియకపోవడం నాకు బాధగా ఉంటుంది.

ఇంతా చెప్పినా పెద్దసారు ససేమిరా అంటే బాధపడొద్దు, దశావతార గంజీఫా అనే పాతకాలపు పేక చేయించు. మహారాష్ట్రలో సావంత్‌వాడి వైపు ఇప్పటికీ చేత్తో బొమ్మలు వేసి చేస్తారు, గుండ్రటి ముక్కలు. పది అవతారాలకు పది జాతులు, ఒక్కో జాతిలో 12, మొత్తం 120. ప్రతి జాతిలో ఒక రాజు, ఒక మంత్రి, ఒకటి నుంచి పది దాకా అంకెలు. పాత క్యాలెండర్ అట్టలు, నోటుబుక్కు అట్టలు కత్తిరించి పిల్లలే తలా మూడు ముక్కలు గీస్తే నలభై మందికీ కట్ట పూర్తవుతుంది. రామావతారం వచ్చే అవకాశం 1/10, రాజు వచ్చే అవకాశం 1/12, రాజు గానీ రామావతారం గానీ అంటే 10, 12 కలిపి ఒకటి తీసేయాలి, 21/120. దారాలు ఇక్కడా పరవొచ్చు. దేవుడి బొమ్మలను ఎవరూ కాదనరు. పదో తరగతికి వచ్చేసరికి 52 ముక్కల సంగతి బోర్డు మీద బొమ్మగా వేసి చెప్పినా సరిపోతుంది.

నా పిల్లలు తీసిన లెక్కల కాగితాలు ఫొటోలు తీసి నీకు వాట్సాప్‌లో పంపుతాను. నువ్వు కూడా మీవాళ్లు గీసిన గీతలు పంపు. ఇక్కడి ఏడో తరగతిదీ, మీ ఎనిమిదో తరగతిదీ కలిపి కూడితే ఎంతకు వస్తుందో మా క్లాసు బోర్డు మీద వేసి చూపిస్తానని ఇప్పటికే మాటిచ్చేశాను, వీళ్లు రోజూ అడుగుతున్నారు. నెలాఖరుకైనా అందేట్టు చూడు. రాజు ఒక్కసారీ రానివాళ్లు ఎంతమందో విడిగా రాయి.

అమ్మకు చెప్పు, చెనక్కాయల పొడి అయిపోవస్తోంది, డిసెంబరులో వచ్చేవాళ్లెవరైనా ఉంటే పంపమని.

ఇట్లు,
మీ అక్క