అంబాసిడర్ ముందు సస్పెన్షన్ ఇంట్లో విప్పేవాళ్లకు

అన్నలకు, తమ్ముళ్లకు నమస్తే. మా అంబాసిడర్ ముందు సస్పెన్షన్ ఇంటి దగ్గరే విప్పి కట్టడం పూర్తయింది. ఇంట్లో ఎట్లా చేయాలో ప్రొద్దుటూరు అన్న అడిగినాడని రాస్తున్నా.

ముందు చక్రాన్ని జాకీ మీద లేపి, పైనా కిందా పట్టుకుని ఊపండి. ఆడుతుంటే ఇంకొకరిని బ్రేక్ తొక్కమనండి. అప్పుడు ఆట పోతే వీల్ బేరింగ్ సంగతి. పోకపోతే కింగ్‌పిన్ (స్టీరింగ్ తిప్పితే ముందు చక్రం తిరిగే ఇరుసు పిన్ను) వైపు అరిగినట్టే. ఇది చూసుకోకుండా సామాన్లు కొనొద్దు.

అంబాసిడర్‌కు ముందు కాయిల్ స్ప్రింగులు ఉండవు, పొడవాటి టార్షన్ బార్లు ఉంటాయి. అవి మెలితిరిగి బండి బరువు మోస్తుంటాయి కాబట్టి, బార్ మీది ఆ బిగువు దించకుండా ఏ బోల్టూ ముట్టుకోవద్దు. ఇది మాత్రం బతిమాలి చెప్తున్నా. విప్పే ముందు బార్ కొసన ఉండే గాడి పళ్ల దగ్గర పెయింట్‌తో గుర్తు పెట్టండి. కుడి బార్ కుడికే, ఎడమది ఎడమకే. ఇన్నేళ్లు ఒకే వైపు మెలితిరిగిన ఇనుమును తిరగేసి వాడితే విరిగే ప్రమాదం ఉంది. బార్ మీద గీత కూడా పడనివ్వకండి, పగులు అక్కడే మొదలవుతుంది.

మన కడప ఇళ్ల ముందు పరిచేది నల్లబండే కదా. లేపిన కారును ఆపే జాక్ స్టాండ్ నేరుగా పెడితే బండ పగలొచ్చు, కింద మందపాటి చెక్క వేయండి. ఒట్టి జాకీని నమ్మి కారు కిందికి దూరొద్దు.

రబ్బరు బుష్‌ల (సస్పెన్షన్ కీళ్లలో ఉండే రబ్బరు తొడుగుల) బోల్టులు గట్టిగా బిగించేది కారు నాలుగు చక్రాల మీద నిలబడ్డాకే. గాల్లో ఉండగా బిగిస్తే రబ్బరు మెలిపడి తొందరగా చిరిగిపోతుంది. తర్వాత గ్రీజు కొట్టి, చక్రాల అలైన్‌మెంట్ చేయించండి.

స్టాండ్లు నా దగ్గరే ఉన్నాయి, కావాల్సిన వాళ్లు వచ్చి తీసుకుపోండి.