ఉగాది నుంచి ఉగాది దాకా: మన లినక్స్ బృందం వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం. పోయిన ఉగాది నుంచి ఈ ఉగాది దాకా మనం చేసినవీ, చేస్తామని చెప్పి చేయనివీ ఇందులో ఉన్నాయి. కార్యదర్శిగా నాకిది రెండో నివేదిక. మొదటిది బాగా పద్ధతిగా రాస్తే ఎవరూ చివరిదాకా చదవలేదని తర్వాత తెలిసింది, అందుకే ఈసారి మాట్లాడినట్టే రాస్తున్నా.

నెలకో ఆదివారం బెంగళూరు మారతహళ్ళిలో కలవాలనుకున్నాం, రెండుసార్లు కుదరలేదు. ఒకసారి వానకి అవుటర్ రింగ్ రోడ్డు మీద నీళ్లు నిలిచిపోయాయి, ఇంకోసారి సంక్రాంతికి అందరూ ఊళ్లకు పోయారు. కలిసిన ప్రతిసారీ మాట చివరికి ఒకచోటికే చేరింది: లాప్‌టాప్‌లో రహస్య కీలను (డిజిటల్ తాళంచెవులను) భద్రంగా దాచే టీపీఎం అనే చిప్పులోని కీని ఆపరేటింగ్ సిస్టమ్ ఏ గుర్తుతో పట్టుకోవాలి? 2021లో విండోస్ 11 వచ్చి టీపీఎం 2.0 ఉండాల్సిందే అన్నాక ఆ చిప్పు పేరు అందరి చెవినా పడింది కానీ, లోపల కీలకు నంబర్లు ఎలా ఇస్తారో మనలో చాలామందికి తెలీదు. నాకూ తెలీదు, తప్పు చేసేదాకా.

ఆ తప్పు నాదే కాబట్టి నేనే చెప్తాను. విద్యార్థులకు అరువిచ్చే లాప్‌టాప్‌లలో వేరే కంప్యూటర్‌లోకి లాగిన్ అవ్వడానికి వాడే ఎస్ఎస్‌హెచ్ కీని చిప్పులో పెట్టే స్క్రిప్టు ఒకటి రాశాను. చిప్పులో శాశ్వతంగా ఉండే కీలకు హెక్స్‌లో (0 నుంచి 9, ఏ నుంచి ఎఫ్ దాకా వాడే అంకెల్లో) 81తో మొదలయ్యే నంబరు ఇస్తారు, దాన్ని హ్యాండిల్ అంటారు. నేను 81000001 ఎంచుకున్నాను, గుర్తుంటుంది కదా అని. చిప్పు ఒప్పుకోలేదు, అక్కడ ఇప్పటికే ఏదో ఉందని 14సీ ఎర్రర్ ఇచ్చింది. బుద్ధున్నవాడు అక్కడ ఆగుతాడు. నేను ‘ముందు పాతది తీసెయ్’ అని స్క్రిప్టులో ఇంకో లైను చేర్చాను.

ఆ పాతది స్టోరేజ్ రూట్ కీ, అంటే మిగతా కీలను కాపాడే మూల కీ. 81000001 ఆ కీ ఉండే చోటని టీపీఎం ప్రమాణాలు రాసే టీసీజీ వాళ్లు ముందే కేటాయించి పెట్టారు, లినక్స్‌లో డిస్కు తాళం తీసే సిస్టమ్‌డీ కూడా దాన్ని అక్కడే వెతుకుతుంది. మర్నాడు లాప్‌టాప్ ఆన్ చేస్తే డిస్కు తెరుచుకోలేదు, రికవరీ కీ అడిగింది. ఆ పిల్లాడు ఫోన్ చేసి ‘అన్నా, ఏదో పెద్ద పాస్‌వర్డ్ అడుగుతోంది, నా ప్రాజెక్టు పోయిందా’ అన్నప్పుడు నాకొచ్చిన టెన్షన్ ఇక్కడ రాయను. రికవరీ కీ రాసిన చీటీ రిజిస్టరులోనే దొరికింది, అదృష్టం.

డిస్కు తెరిచాక జరిగిందే ఈ ఏడాది మనం నేర్చుకున్న అసలు పాఠం. నా కీని తీసేసి, అదే ప్రామాణిక టెంప్లేట్‌తో (కీ ఎలా ఉండాలో చెప్పే నమూనాతో) రూట్ కీని మళ్లీ తయారుచేస్తే ముందున్న కీయే వచ్చింది! ఇలాంటి మూల కీ (ప్రైమరీ కీ) చిప్పులోని సీడ్ అనే రహస్య సంఖ్య నుంచి లెక్క కట్టి పుడుతుంది, చిప్పును క్లియర్ చేయనంతవరకు సీడ్ మారదు, సీడ్ మారకపోతే కీ కూడా మారదు. అదే కీ అని మాకెలా తెలిసిందంటే, టీపీఎంలో ప్రతి కీకీ హ్యాండిల్ కాకుండా ‘నేమ్’ అని ఇంకొకటి ఉంటుంది, కీలో బయటికి చూపించే పబ్లిక్ భాగం నుంచి లెక్క కట్టి తీసిన పొట్టి గుర్తు, అంటే హ్యాష్ అది. ఎస్‌హెచ్‌ఏ-256 అనే హ్యాష్ పద్ధతి అయితే ముందు 000బి, ఆ వెనక హ్యాష్, అన్నీ కలిపి 68 హెక్స్ అంకెలు. పాత లాగ్‌లో ఉన్నదాన్నీ కొత్తదాన్నీ ఒకరు చదువుతుంటే ఇంకొకరు వేలు పెట్టి సరిచూశారు, ఒక్క అంకె కూడా తేడా లేదు.

మన పీజీల్లో ఉన్నవాళ్లకి ఇది చెప్పక్కర్లేదు. 201లో నిన్న నెల్లూరు అబ్బాయి, ఇవాళ కర్నూలు అబ్బాయి, కొరియర్‌వాడు మాత్రం ‘201 సార్’ అంటూ పార్శిల్ ఇచ్చిపోతాడు. హ్యాండిల్ ఆ రూం నంబరు లాంటిది, నేమ్ వేలిముద్ర. సాఫ్ట్‌వేర్ రూం నంబరుకి వెళ్లొచ్చు కానీ తలుపు తీసినవాడి వేలిముద్ర చూడాలి. అందుకని హ్యాండిల్‌తో పాటు నేమ్ కూడా సరిపోతేనే కీని వాడాలని మన స్క్రిప్టులన్నీ మార్చాం. నిండిన చోటును ఖాళీ చేసే లైను ఎక్కడా లేదు, ఎవరూ మళ్లీ రాయొద్దు.

అసలు సొంత కీలను చిప్పులో శాశ్వతంగా పెట్టడమే మానేశాం. అక్కడ చోటు తక్కువ. చిప్పు తాళమేసి ఇచ్చే, ‘టీఎస్ఎస్2 ప్రైవేట్ కీ’ అని పైన రాసి ఉండే ఫైలు సరిపోతుంది, చిప్పు లేకుండా ఆ ఫైలుతో ఎవరూ ఏమీ చేయలేరు. అందులో పేరెంట్‌గా (ఈ కీని కాపాడే పై కీగా) 40000001 అని ఉంటే ఓనర్ హైరార్కీ, అంటే యజమాని వాడే కీల వరుస అని అర్థం, పేరెంట్ కీని సాఫ్ట్‌వేర్ పి-256 అనే రకం కీ టెంప్లేట్‌తో అప్పటికప్పుడు పుట్టించుకుంటుంది, ఇంక రూం నంబరు గొడవే లేదు.

కీ ఎక్కడుందో చిరునామాలా రాసే పీకేసీఎస్-11 యూఆర్ఐలు వాడదామని ఇద్దరు గట్టిగా అడిగారు, ఆర్ఎఫ్‌సీ 7512 అనే ఇంటర్నెట్ ప్రమాణంగా 2015 నుంచి ఉన్న పద్ధతేగా అని. నాకేం అభ్యంతరం లేదు. కానీ అందులో కీకి మనం పెట్టే పేరు, అంటే లేబుల్ ఒక్కటే నమ్ముకుంటే ‘టెస్ట్’ అనే పేరుతో నాలుగు కీలు తయారవుతాయి, మన దగ్గర తయారయ్యాయి కూడా. ఐడీ కూడా రాస్తామంటే సరే. ఇక పీసీఆర్‌లు, అంటే మెషీన్ ఆన్ అయ్యాక ఏమేం నడిచిందో చిప్పు నమోదు చేసుకునే చోట్లు: 24 రిజిస్టర్లలో 7 సెక్యూర్ బూట్‌కి, 10 ఐఎంఏకి (ఫైళ్లు మారాయేమో చూసే లినక్స్ భాగానికి), 11 సిస్టమ్‌డీకి అని లినక్స్ వాళ్లు ఉమ్మడి పట్టిక పెట్టుకున్నారు. దాన్ని తెలుగులో రాస్తామన్నాం, సగంలో ఆగింది, ఆ సగం నా దగ్గరే ఉంది.

డబ్బుల లెక్క చిన్నదే: చందాలు టీకీ, హాలు అద్దెకీ సరిపోయాయి, అప్పు లేదు. రసీదులు చూడాలంటే కోశాధికారి దగ్గర ఉన్నాయి. చిన్న విన్నపం, రికవరీ చీటీల రిజిస్టరులో ఒక లాప్‌టాప్‌కి ఎదురుగా ‘తర్వాత రాస్తాను’ అని పెన్సిల్‌తో ఉంది. చేతిరాత ఎవరిదో నాకు తెలుసు. వచ్చే ఆదివారం లోపు వచ్చి రాసిపోవాలి.