మురుగునీటి శుద్ధి సాధన కృషి: 2024-25 వార్షిక నివేదిక

గౌరవ సభ్యులకు నమస్కారములు.

మన పట్టణానికి ప్రతిపాదించిన మురుగునీటి శుద్ధి కేంద్రంలో నైట్రోజన్‌ను తొలగించే దశ కూడా ఉండి తీరాలని గత సర్వసభ్య సమావేశం తీర్మానించింది. ఆ దశను చేర్చి సవరించిన ప్రతిపాదనను పైకి పంపినట్లు ఈ ఏడాది సంబంధిత కార్యాలయం మనకు వ్రాతపూర్వకంగా తెలియజేసింది. మంజూరు ఇంకా రాలేదు. మెట్రో నగరాలు కాని ఊళ్ళకు 2017 నాటి నిబంధన లీటరుకు 30 మిల్లీగ్రాముల బీవోడీని (నీటిలోని మలినాన్ని కుళ్ళబెట్టడానికి సూక్ష్మజీవులకు కావలసిన ఆక్సిజన్ లెక్క) అనుమతించింది; జాతీయ హరిత ట్రిబ్యునల్ 2019 ఏప్రిల్ 30న ఆ పరిమితిని 10కి తగ్గించి, మొత్తం నైట్రోజన్‌కు కూడా 10 హద్దుగా పెట్టి, చిన్నా పెద్దా తేడా లేకుండా అన్ని ఊళ్ళకూ వర్తింపజేసింది. మన అర్జీకి ఆ ఉత్తర్వే ఆధారమైంది.

ఈ సంవత్సరం సంఘం గర్వంగా చెప్పుకోదగినది కార్తీక పౌర్ణమి సాయంత్రం స్నానఘట్టం వద్ద జరిపిన ప్రదర్శన. పొరుగు పట్టణపు శుద్ధి కేంద్రంలో గాలి ఊదే తొట్టె నుంచి తెచ్చిన గోధుమరంగు నీటిని రసాయనశాస్త్ర అధ్యాపకులు గాజు కొలజాడీలో పోసి కదలకుండా ఉంచగా, అరగంటలో బురద అడుగుకు దిగి పైన తేటనీరు నిలిచింది. దీపాలు వదలడానికి వచ్చిన ఆడపడుచులు ఇంత శుభ్రమైన నీటిని గోదావరిలో కలిపితే తప్పేమిటని అడిగారు. అప్పుడు ఆయన ఆ తేటనీటిలోనే నెస్లర్ ద్రావణం చుక్కలు వేయగా అది చూస్తుండగానే ముదురు పసుపుపచ్చగా మారింది. అది అమ్మోనియా జాడ; అంటే నైట్రోజన్ ఇంకా ఆ నీటిలోనే ఉన్నది. (ఆ ద్రావణంలో పాదరసం ఉంటుంది కనుక వాడిన నీటిని సీసాలో పట్టి ప్రయోగశాలకు తిరిగి పంపించాము.) అమ్మోనియాను నైట్రేటుగా మార్చే సూక్ష్మజీవులు చాలా నెమ్మదిగా పెరుగుతాయని, వాటికి గాలి ఎక్కువసేపు అందాలని, ఆపైన గాలి అందని దశలో మరో రకం సూక్ష్మజీవులు ఆ నైట్రేటును నైట్రోజన్ వాయువుగా మార్చి వదిలేస్తాయని ఆయన అక్కడే వివరించారు. కరెంటు పోయినప్పుడు గాలి పంపులు ఆగకుండా జనరేటరు ఉండాలన్న కోరికను ఆ రాత్రే అర్జీలో చేర్చాము.

డెల్టాలో ఈ పని మరింత అవసరం. నేల చదును, భూగర్భజలం పైపైనే ఉంటుంది, వరదల్లో నది మట్టం తూముల కంటే ఎత్తుకు వస్తుంది. వేసవిలో కాలువలు కట్టేశాక తూముల దగ్గర మిగిలేది మన ఇళ్ళ మురుగే. గుర్రపుడెక్క బలిసేదీ దాని మీదనే. కాలువలు వదిలాక ఆ నీటితోనే దిగువ గ్రామాలవారు మంచినీటి చెరువులు నింపుకొంటారు.

సెప్టిక్ ట్యాంకుల సర్వే మాత్రం సగంలో ఆగింది. పేర్లు ఇచ్చిన కార్యకర్తలలో అధికభాగం రెండవ ఆదివారం నుంచే కనిపించలేదని బాధతో వ్రాయవలసి వస్తున్నది. రెండు మూడేళ్ళకోసారి బురద తీయించవలసిన ట్యాంకులను కట్టించిన నాటి నుంచి తెరవని ఇళ్ళు చూసిన ప్రతి వీధిలోనూ ఉన్నాయి. వాటి గొట్టాలు పక్క కాలువలోకే ఉన్నాయి. ఇంటి మురుగు కేంద్రానికి చేరనప్పుడు ఎంత గొప్ప యంత్రం పెట్టినా ప్రయోజనం లేదు. అధికారులతో తలపెట్టిన ఉమ్మడి పరిశీలన కూడా పదే పదే వాయిదా పడింది. 2027 పుష్కరాలు దగ్గర పడుతుండగా ఈ జాప్యం ఎంతమాత్రం తగదు.

జమాఖర్చుల పట్టికను ఆడిటరు సంతకంతో జతపరిచాము; కొద్దిపాటి నిల్వ ఉన్నది.

ప్రదర్శనకు చోటిచ్చిన ఆలయ అర్చకులకు, అధ్యాపకులకు, వారి విద్యార్థులకు, నమూనాలు ఇచ్చిన పొరుగు కేంద్రం సిబ్బందికి, బల్లలు, దీపాలు ఉచితంగా ఇచ్చిన షామియానా యజమానికి, చివరి వరకు సర్వేలో తిరిగిన డ్వాక్రా సంఘాల సోదరీమణులకు, తమ లెక్కలు దాపరికం లేకుండా చూపిన, సెప్టిక్ ట్యాంకులు తోడే లారీల వారికి, పడవ రేవు యువకులకు సంఘం తరఫున హృదయపూర్వక కృతజ్ఞతలు.

మిగిలిన వీధుల సర్వే కాలువలు కట్టేసే లోపు పూర్తి కావాలి. వచ్చేవారు ఈ సమావేశంలోనే పేరు, వీధి, ఏ ఆదివారం వీలో వ్రాసి ఇవ్వగలరని మనవి.

ఇట్లు,
కార్యదర్శి