గండికోటలో మా వెంట నడిచిన పెద్దాయనకు

పెద్దాయనా, మీ పేరు కూడా అడగలేదు మేం. జమ్మలమడుగు నుంచి 15 కిలోమీటర్లు వచ్చి కోట వాకిట్లో దిక్కులు చూస్తున్న ఇద్దరికి పూటంతా తోడున్నారు. మీకు మనసారా కృతజ్ఞతలు.

లోయకు తొందరపడొద్దు, ముందు గుళ్లు చూడండన్నారు. పొద్దు కాస్త పైకెక్కితేగానీ పెన్నా లోయ అడుగుకు వెలుతురు దిగదు, అంతదాకా ఎర్రరాతి పొరలు విడివిడిగా కనబడవు. ఎంత నిజం!

అంచున నడిచే పద్ధతి మాత్రం ఇక్కడికొచ్చే ప్రతివాళ్లూ మీ దగ్గర నేర్చుకోవాలి. రాయి పలకలుగా చీలి, ఒకదాని మీద ఒకటి ఊరికే ఆని ఉంటుంది. ముందు పాదం మోపి, పలక ఊగలేదని తెలిశాకే ఒంటి బరువు వేయాలి. ఫోను జేబులో ఉండాలి, రెండు చేతులూ ఖాళీగా ఉండాలి. ఫొటో కావాలంటే అంచుకు రెండు బారల ఇవతల కూర్చుని తీసుకోవాలి. వాన పడిన రోజు అటు పోనే కూడదు. అరిగిన చెప్పులతో అసలే వద్దు.

జామియా మసీదు పక్కనున్న ధాన్యాగారంలో గోడకు అరచెయ్యి ఆనించమన్నారు. బయట బండ కాలుతోంది, లోపల రాయి చల్లగా ఉంది. ఆ గోడల మందం ఎందుకో అప్పుడు అర్థమైంది.

మనిషికి రెండు లీటర్ల నీళ్లుండాలన్నారు. మా దగ్గర అన్ని లేవు. మీ ఇంటి కడవ నీళ్లతో మా సీసాలు నింపారు, డబ్బులిస్తే చెయ్యి అడ్డం పెట్టారు. చల్లగా ఉండండి పెద్దాయనా.