పిస్టల్ కొన్నారు సరే, వెనకాల పెట్టె ఏదీ?

సంపాదకులకు నమస్కారం.

2024 పారిస్ ఒలింపిక్స్‌లో మను భాకర్ ఎయిర్ పిస్టల్‌లో రెండు కాంస్యాలు గెలిచింది. మన హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ పేరూ పేపర్లో వస్తోంది. దాంతో మా కరీంనగర్‌లోనూ పిల్లలకు ఎయిర్ పిస్టళ్లు కొనిచ్చే వాళ్లు కనబడుతున్నారు. రోజూ రేంజికి పోలేక పది మీటర్ల హాలు ఉంటే ఇంట్లోనే ప్రాక్టీసు పెడుతున్నారు. మంచిదే. నాది వెల్డింగ్ షాపు కాబట్టి పెల్లెట్లు, అంటే ఆ పిస్టల్‌లో వాడే చిన్న సీసపు గుళ్లు, ఆపే పెట్టె చేసిమ్మని నా దగ్గరికి వస్తుంటారు.

4.5 ఎంఎం బోరు (గొట్టం లోపలి వెడల్పు), 20 జౌళ్ల లోపు శక్తి ఉన్న ఎయిర్‌గన్‌కు లైసెన్సు అక్కర్లేదు. అందుకేనేమో కొందరికి అది బొమ్మలా కనిపిస్తుంది. టార్గెట్ వెనక పాత తలుపు చెక్క పెడితే చాలదా అంటారు. చాలదు. గట్టి చెక్కకు తగిలిన పెల్లెట్ వెనక్కి ఎగిరి రావచ్చు. పల్చటి ప్లైవుడ్ అయితే దెబ్బ ఒకేచోట పడీ పడీ తూటు పడుతుంది.

ఉత్త ఇనప ప్లేటే పెట్టేటట్టయితే నిటారుగా పెట్టకూడదు. పై అంచు మనవైపు వాలేలా 45 డిగ్రీల ఏటవాలుగా బిగిస్తే పెల్లెట్ కిందికి మళ్లి ట్రేలో పడుతుంది. అయితే సీసం చితికి పొడి లేస్తుంది, చప్పుడూ ఎక్కువ. అపార్ట్‌మెంట్‌లో పక్కింటివాళ్లు ఊరుకోరు. అందుకే ఇంట్లోకి నేను గుడ్డల పెట్టెనే చెబుతాను. అడుగు లోతు పెట్టె, వెనక 3 ఎంఎం ప్లేటు, లోపల పాత జీన్సు, దుప్పటి ముక్కలు బిగించి కుక్కాలి, ముందు అట్ట. జిప్పులు, గుండీలు, రివిట్లు ముందే కోసేయాలి. మీ పత్రిక పాత కట్టలూ పనికొస్తాయి, ఏమీ అనుకోకండి! పెట్టె వెనక ఇటుక గోడే ఉండాలి, పక్కన తలుపూ కిటికీ వద్దు. కాల్చేటప్పుడు గదిలో ఉన్న అందరికీ కళ్లద్దాలు ఉండాలి. బీబీలనే గుండ్రటి స్టీలు గుళ్లు మాత్రం దీంట్లోకి కాల్చొద్దు, అవి చితకవు, ఎగిరొస్తాయి.

పెట్టె తీసుకెళ్లాక మళ్లీ విప్పి చూసేవాళ్లు తక్కువ. పిల్లవాడి గురి కుదిరేకొద్దీ దెబ్బలన్నీ నడిమధ్యలోనే పడతాయి. అక్కడ గుడ్డ నలిగి గుంట పడుతుంది, సీసం ముద్దకడుతుంది, కొత్త పెల్లెట్ దానికే తగులుతుంది. అప్పుడప్పుడూ విప్పి, సీసం తీసేసి, గుడ్డలు మార్చి కుక్కాలి. ఈ పని పెద్దవాళ్లే గ్లోవ్స్ వేసుకుని చేయాలి. పొడి చీపురుతో ఊడిస్తే సీసపు దుమ్ము లేస్తుంది, తడిగుడ్డతో తుడవండి. ఆ గుడ్డ ఇంకో పనికి వాడొద్దు. పిల్లలు సబ్బుతో చేతులు కడుక్కున్నాకే తినడానికి కూర్చోవాలి.

ఒక తండ్రి పోగైన సీసాన్ని వంటింటి గ్యాస్ మీద కరిగించి చేపల వలకు గుండ్లు పోయొచ్చా అని అడిగాడు. వద్దే వద్దు. మూతున్న డబ్బాలో వేసి పాత బ్యాటరీలు కొనేవాళ్లకు ఇచ్చేయండి.

పిల్లలకు గురి నేర్పే కోచ్‌లు తల్లిదండ్రులను ఓసారి కూర్చోబెట్టి ఈ పెట్టె సంగతి కూడా చెప్పాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

— ఒక వెల్డింగ్ షాపు యజమాని, కరీంనగర్