పర్యావరణ కమిటీ వార్షిక నివేదిక: నార్త్‌పోర్ట్ గొట్టాలూ, మన బేస్‌మెంట్లూ

సభ్యులందరికీ నమస్కారం.

ఉగాది, బతుకమ్మ, దీపావళి ముచ్చట్లన్నీ సాంస్కృతిక కమిటీ వారి నివేదికలో చదివే ఉంటారు. మా కమిటీ ఈ ఏడాది పెట్టుకున్నది ఒకటే పని: నార్త్‌పోర్ట్ కరెంటు ప్లాంటు సంగతి కాస్త గట్టిగా తెలుసుకోవడం.

లాంగ్ ఐలండ్ ఉత్తర తీరంలో పిల్లలతో బీచ్‌కి వెళ్లినప్పుడల్లా కనిపించే ఆ నాలుగు చారల పొగగొట్టాలే అవి. 1967 నుంచి 1977 దాకా ఒక్కో యూనిట్టే లేచింది. మొత్తం సామర్థ్యం సుమారు 1,500 మెగావాట్లు. మొదట్లో ఆయిలే ఇంధనం, తర్వాత గ్యాస్ కూడా చేరింది. ఆ ఆయిల్ మన కార్లలో పోసేలాంటిది కాదు. నల్లగా, తారులా చిక్కగా ఉంటుంది. వేడి చేస్తే గానీ సరిగ్గా పారదు.

'మూసేయండి' అని సంతకాలు సేకరిద్దామని వసంతంలో మొదలుపెట్టాం. అందరికంటే ముందు ఎగిరింది ఈ నివేదిక రాస్తున్న నేనే. సంతకాలకు ముందు ఒకసారి చూసొద్దామని క్రాబ్ మెడో బీచ్‌కి వెళ్లాం. పులిహోర డబ్బాలు ఇంకా తెరవకముందే, గాలం వేసుకుని కూర్చున్న ఒక పెద్దాయన మాట కలిపారు. చలికాలంలో ప్లాంటు నీళ్లు వదిలే చోటే చేపలు బాగా పడతాయట, అక్కడ నీళ్లు వెచ్చగా ఉంటాయి కాబట్టి. ప్లాంటులో కరెంటు మరలు తిప్పిన ఆవిరిని చల్లార్చడానికి సముద్రపు నీళ్లు తోడుకుని, వేడెక్కినవాటిని మళ్లీ సముద్రంలోకే వదులుతారు. లోపలికి పోయే నీళ్లతో పాటు చేపగుడ్లూ, కంటికి ఆనని చేపపిల్లలూ పోతాయి. పొగ గురించి అంత మాట్లాడిన మాలో ఒక్కరికీ ఈ నీళ్ల సంగతి తట్టలేదు.

పొగ సంగతి వేసవిలో అర్థమైంది. ఇంటింటా ఏసీలు తిరిగే మధ్యాహ్నాల్లోనే పాత యూనిట్ల అవసరం ఎక్కువ. పొగలోని నైట్రోజన్ ఆక్సైడ్లు ఎండలో గాలిలోని ఇతర రసాయనాలతో కలిసి, ఊపిరికి ఇబ్బంది చేసే ఓజోన్‌ను పుట్టించేదీ ఆ మధ్యాహ్నాల్లోనే. ఇన్‌హేలర్ వాడే పిల్లలున్న ఇళ్లలో ఆ రోజుల టెన్షన్ వేరే చెప్పాలా?

మరి ఇన్నేళ్లూ ఎందుకు మూయలేదంటే, ఆ కథ మన లాంగ్ ఐలండ్‌లోనే ఉన్న షోరమ్ దాకా పోతుంది. అక్కడ కట్టిన అణు కేంద్రాన్ని వ్యాపారపరంగా ఒక్క రోజు కూడా నడపకుండానే మూసేయాలని 1989లో ఒప్పందమైంది. ఆ కరెంటు మనకు రాలేదు, దాని అప్పు భారం మాత్రం మన బిల్లుల మీదికే వచ్చింది. ఇక గాలి కరెంటు చూస్తే, సముద్రంలో 12 గాలిమరలతో 2024లో పూర్తయిన సౌత్ ఫోర్క్ విండ్ సామర్థ్యం 132 మెగావాట్లు. 1,500 పక్కన పెట్టి చూడండి. 2040 నాటికి కరెంటు తయారీలో కాలుష్యం ఉండకూడదని 2019లోనే న్యూయార్క్ రాష్ట్రం చట్టం చేసింది, అది వేరే మాట.

పైగా నార్త్‌పోర్ట్ ప్లాంటు కట్టే పన్ను మీద అక్కడి బడులు బాగా ఆధారపడ్డాయి. ఆ పన్ను తగ్గించాలన్న కేసులో 2020లో కుదిరిన రాజీ ప్రకారం ఏడాదికి 8 కోట్ల డాలర్ల పైచిలుకు ఉన్న పన్ను, 2027 నాటికి 4.6 కోట్లకు దిగుతుంది. ఆ స్కూల్ డిస్ట్రిక్ట్‌లో ఉంటున్న మన సభ్యులు ఈ మాట ఎత్తగానే మీటింగ్ వేడెక్కింది.

ఆ వేడిలోనే ఒకావిడ లేచి, "మీ ఇంట్లో హీటింగ్ దేంతో?" అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. మా బేస్‌మెంట్‌లో మూల 275 గ్యాలన్ల ట్యాంకు ఉంది, దాని ఎర్ర ముల్లు సగానికి దిగితే ఫోన్ చేసి ఆయిల్ పోయించుకునేది నేనే. ఆయిల్‌తో ఇల్లు వెచ్చబరుచుకునేవాళ్లు చేతులెత్తమంటే చాలా చేతులే లేచాయి.

సంతకాల పని ప్రస్తుతానికి ఆపాం. దీనికి కొందరు ఒప్పుకోలేదు, ఆ సంగతి మినిట్స్‌లో ఉంది. దాని బదులు, ఆయిల్ మాని, కరెంటుతో ఇల్లు వెచ్చబరిచే హీట్ పంపుకు మారినవాళ్లు తమ బిల్లులు తెచ్చి చూపించేలా రెండు శనివారాలు కూర్చున్నాం. ఖర్చు టీ, సమోసాలకే, లెక్క కోశాధికారి దగ్గరుంది.

వచ్చే ఏడాది షోరమ్ చూసి రావాలని ఉంది. లోపలికి రానిస్తారన్న ఆశ లేదు, గేటు బయటి నుంచే. కార్లలో చోటున్నవాళ్లు పేర్లివ్వండి.

పర్యావరణ కమిటీ తరఫున,
కన్వీనర్